కుదురు లేని నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టిన దేవుడు

సహోదరులారా, సహోదరీలారా, నేనిలా ఒకచోట నిలబడి మాట్లాడటమే మీలో కొందరికి వింతగా ఉండవచ్చు, ఎందుకంటే ఆ రోజుల్లో నన్ను రోడ్డు మీద పోతుండగా చూసినవాళ్లే గానీ కూర్చుని ఉండగా చూసినవాళ్లు లేరు! పిడుగురాళ్ల దారిలో తల దువ్వుకోకుండా, ఎండనక వాననక, ఎక్కడికో తొందరపని ఉన్నట్టు నడిచిపోయే మనిషిని చూసి పిల్లలు భయపడేవాళ్లు, ఆ మనిషిని నేనే. నా పేరు సుందరమ్మ. మా ఆయన యాకోబు మిరపకాయల బండి తోలేవాడు.

మాకు ఒక్కతే బిడ్డ, సుగుణ. పద్నాలుగో ఏట దానికి విషజ్వరం తగిలింది. ఆయన బండి మీద దూరం పోయి ఉన్నాడు, బిడ్డేమో కళ్లు తెరవడం లేదు, పక్కింటి అక్కను దాని దగ్గర కూర్చోబెట్టి నేను నరసరావుపేటకు పరుగెత్తాను. డాక్టరు గారు సీసాలో మందు పోసి ఇచ్చారు. బస్సు కోసం కాచుకునే ఓపిక లేక మళ్లీ నడకే, నడక కూడా కాదు, పరుగే! మా పల్లె ఇంకా కనపడకముందే ఆడవాళ్ల ఏడుపు వినపడింది. సీసా నా చేతిలోనే ఉంది, మూత కూడా తీయలేదు.

బిడ్డను మట్టిలో పెట్టి వచ్చాం గానీ నా కాళ్లకు ఆ సంగతి తెలియలేదు, సహోదరులారా! ఇంకా మందు తీసుకుని పోవాలన్నట్టు, ఇంకొంచెం తొందరగా పోతే అందుతుందన్నట్టు అవి నన్ను లేపి నడిపించేవి. ఎసరు పెట్టి బయటికి వచ్చానంటే ఎసరు ఇగిరిపోయి కుండ పగిలేది, నేను మాత్రం ఏ చేల గట్టు మీదో ఉండేదాన్ని. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టమన్నారు, గొలుసు వేసి కట్టెయ్యమని కూడా చెప్పారు. మా ఆయన దేనికీ ఒప్పుకోలేదు. పొద్దుగూకే వేళకు బండి కట్టుకుని నన్ను వెతుక్కుంటూ వచ్చేవాడు.

"ఏమే, యాడికే పోతన్నావు?" అనేవాడు.

"ఏమోనయ్యా, కాళ్లు పోతన్నయ్."

"సరే, బండెక్కు. కాళ్లకి అలుపొచ్చుద్ది," అనేవాడు, అంతే. ఒక్క మాట కసిరేవాడు కాదు. ఆ బండిలో కూడా నేను కూర్చోలేక అటూ ఇటూ కదులుతూనే ఉండేదాన్ని.

గుడికి పోతే పాట అయిపోయేలోపే లేచి వచ్చేసేదాన్ని. ప్రార్థన చేద్దామని మోకరిస్తే మోకాళ్ల కింద నిప్పులు పోసినట్టుండేది. "నా బిడ్డ కోసం పరుగెత్తుకుంటూ వస్తుంటే నువ్వెందుకయ్యా ఆగలేదు?" అని నడుస్తూనే దేవుణ్ణి అడిగేదాన్ని.

అట్లాంటప్పుడు రాహేలమ్మ గారు నాకు దారిలో ఎదురైంది. ఆమె బైబిలు స్త్రీ, ఊరూరా తిరిగి ఆడవాళ్లకు వాక్యం చెప్పే మనిషి. అందరూ నన్ను ఆపాలని చూసినవాళ్లే, ఆమె ఆపలేదు, గొడుగు నా మీదికి పట్టి నాతోపాటు నడిచింది.

"ఏంది సుందరమ్మా, యాడికి?"

"తెలవదమ్మా."

"అయితే నాతో రా. నాకు తెలుసు."

నరసరావుపేట శివార్లలో మా సంఘం నడిపే పనిబడి అని ఒకటి ఉండేది. బడి ముఖం చూడనివాళ్లు, చూసినా మధ్యలో మానేసినవాళ్లు, సున్నపు బట్టీల దగ్గరా మిరప కల్లాల్లోనూ పెరిగిన ఆడపిల్లలు అక్కడ ఉండేవారు. వాళ్లకు కుట్టు, కొంచెం చదువు, వంట నేర్పేవారు. వంట అంటే ఇంట్లో నలుగురికి వండటం కాదు, హాస్టళ్లలోనూ ఆసుపత్రుల్లోనూ పనికి కుదిరి వందమందికి వండిపెట్టగలగాలి. అంతకుముందు మా సంఘంలో ఏ పెళ్లయినా పప్పు నా చేతిదే కావాలనేవారు, ఆ మాట రాహేలమ్మ గారికి తెలుసు.

"ఈ కాళ్లతో నేనెట్టా నేర్పేదమ్మా?" అన్నాను.

"నేర్పేది కాళ్లతో కాదుగా," అంది ఆమె.

చేరాను గానీ నాకు నరకమే అయింది! ఆ పిల్లలందరూ మా సుగుణ ఈడువాళ్లే. ఒక పిల్ల వంగి గొట్టంతో నిప్పు ఊదుతుంటే వెనక నుండి ఆ మెడ సుగుణదే, ఇంకో పిల్ల బియ్యం కడుగుతుంటే ఆ మణికట్టు సుగుణదే. నా కాళ్లు జివ్వుమనేవి. చేతిలోని గరిటె ఎవరికో ఇచ్చేసి గేటు దాటిపోయేదాన్ని.

వాళ్లలో కరుణ అని ఒక పిల్ల ఉండేది. తల్లి లేదు. బట్టీలో పనిచేసి చేతులు సున్నానికి పగిలిపోయి ఉండేవి, మాట కూడా అంతే కరుకు. ఒకరోజు నేను అట్లాగే లేచిపోయి రోడ్డు మీద చానా దూరం వచ్చాక వెనక నుండి ఎవరో పరుగెత్తుకొస్తున్న చప్పుడయింది. తిరిగి చూస్తే కరుణ! చేతిలో గరిటె, గరిటెలో పప్పు, ఒలికిపోకుండా రెండో చెయ్యి అడ్డం పెట్టుకుని, రొప్పుతూ వచ్చి నా ముందు నిలబడింది.

"పిన్నమ్మా, పొయ్యేదానివి పో, ఎవరొద్దన్నారు? పప్పు ఉడికిందో లేదో చెప్పి పో. గోంగూర ఎయ్యాల్నా వద్దా?"

నేను ఒక బద్ద తీసి వేళ్ల మధ్య నలిపాను. "ఇంకా పలుకుంది. ఇప్పుడు పులుపు తగిలితే ఇంక ఉడకదు. మెత్తబడినాకే గోంగూర," అన్నాను.

"మెత్తబడిందని నాకెట్టా తెలుస్తది? నువ్వొచ్చి చూడు."

ఆ పిల్ల కూడా నాలాగే పరుగెత్తుకుంటూ వచ్చింది, సహోదరులారా, చేతిలో ఉన్నది చల్లారిపోకముందే అందించాలని! దాని వెనకే తిరిగి పోయాను.

జబ్బు ఆ రోజే పోయిందని చెప్పను. మరునాడు మళ్లీ లేచిపోయాను, ఈసారి ఇద్దరు వచ్చారు, ఆపైన నలుగురు, ఒకసారి ఉప్పు చూడమని, ఒకసారి సంగటి ముద్ద కట్టిందా చూడమని. ఆ రోడ్డున పోయేవాళ్లు "పంతులమ్మ ముందు, బడి వెనక!" అని నవ్వేవారు. నేను నడుస్తూనే చెప్పేదాన్ని, వాళ్లు నడుస్తూనే నేర్చుకునేవారు, కానీ రోజురోజుకూ నేను పోయే దూరం తగ్గుతూ వచ్చింది.

ఈలోగా సంఘ పెద్దలకు ఫిర్యాదు పోయింది. పెద్దలందరూ వచ్చారు. "కుదురు లేని మనిషి చేతిలో గింజలన్నీ పాడవుతున్నాయి, అయినా ఆడపిల్లలకు వంట నేర్పడానికి బడెందుకు, ఇళ్లల్లో అమ్మలు లేరా?" అన్నాడు ఒక పెద్ద.

రాహేలమ్మ గారు లేచి, "అమ్మ లేనోళ్లు కొందరు, అమ్మ ఉన్నా పొద్దస్తమానం బట్టీలో ఉండేవోళ్లు కొందరు. ఎవరు నేర్పుతారయ్యా వీళ్లకి?" అంది.

చివరికి ఒక మాట మీదికి వచ్చారు. కోత పండుగ నాడు సంఘమంతటికీ ఈ పిల్లలే వండాలి, చెడితే వంట తరగతి ఎత్తేస్తారు. ఎత్తేస్తే కరుణకు మళ్లీ సున్నపు బట్టీయే.

కోత పండుగ తెల్లవారింది. ఆ రోజు నా కాళ్లు ఎన్నడూ లేనంతగా ఉడికిపోయాయి! గాడిపొయ్యి మీద గుండిగలు ఎక్కాయి, పొగ లేచింది, పిల్లల గొంతులు లేచాయి, నేను లేచి గేటు దాకా వచ్చేశాను. గేటు పట్టుకుని నిలబడి, కన్నీళ్లు కారుతుంటే ప్రార్థన చేశాను: "ప్రభువా, నేను నా బిడ్డకు మందు అందించలేకపోయాను. ఆ సీసా ఇంకా నా చేతిలోనే ఉన్నట్టుంది, ఎవరికి ఇయ్యాలో తెలియక తిరుగుతున్నాను. నువ్వు తీసుకో తండ్రీ. నా బిడ్డ నీ దగ్గరే ఉంది గదా, నువ్వే తీసుకో!"

అంతే నా ప్రార్థన. ఆకాశం తెరుచుకోలేదు, వెలుగేమీ కనపడలేదు. వెనక నుండి కరుణ కేక వినపడింది: "పిన్నమ్మా! గంజి వార్చాల, గుండిగ చానా బరువుంది, చెయ్యెయ్యి రా!"

పోయాను. సిబ్బి మూతేసి ఇద్దరం పాతగుడ్డలతో పట్టి వార్చాం. తరవాత పప్పు, ఆ తరవాత వంకాయ, పులుసు, ఒకరు మంట తగ్గించాలా అని, ఒకరు కారం చూడమని, నాకు ఊపిరి తిరగలేదు. పంక్తులు కూర్చున్నాయి. ఆనాడు బడెందుకన్న ఆ పెద్దాయన ఆకు ముందు నుండి తల ఎత్తకుండానే, "ఇంకాస్త పప్పెయ్యమ్మా," అని కరుణను అడిగాడు. ఆ పిల్ల నా వైపు తిరిగి నవ్విన నవ్వు ఇప్పటికీ నా కళ్ల ముందుంది!

పొద్దు వాలుతుండగా మా ఆయన అలవాటు ప్రకారం బండి కట్టుకుని వచ్చాడు. దారి పొడుగునా నన్ను వెతికాడట, ఎక్కడా కనపడక బెదిరిపోయి పనిబడి వంటశాల గుమ్మంలోకి వచ్చి అక్కడే నిలబడిపోయాడు.

"ఏమే, కూర్చొని ఉన్నావే!" అన్నాడు.

అప్పుడు చూసుకున్నాను. పొయ్యి పక్కన పీట మీద కూర్చుని ఉన్నాను! ఎప్పుడు కూర్చున్నానో నాకే తెలియదు. మా ఆయన కండువా ముఖానికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగిపోయాడు. మా బిడ్డ పోయినప్పుడు కూడా ఆయన ఏడవగా నేను చూడలేదు.

నా సుగుణ తిరిగి రాలేదు, సహోదరులారా, ఆ దుఃఖం పోయిందని చెబితే అబద్ధమవుతుంది. మండుటెండ వేళ ఒక్కోసారి కాళ్లు ఇప్పటికీ జివ్వుమంటాయి, అప్పుడు ఆ ప్రార్థనే మళ్లీ చేస్తాను, ఒక పిల్లను పిలిచి పప్పు ఎట్లా చూడాలో చెబుతాను. వంట తరగతి నిలిచింది. కరుణ ఇవాళ మాచర్లలో ఒక హాస్టలుకు వండిపెడుతోంది, తన కింద ఇద్దరు పిల్లలకు పని నేర్పుతోంది. ఇదంతా నా వల్ల అయిందా? నా వల్ల ఏమవుతుంది! మహిమ అంతా దేవునిదే, ఆయనకే చెందాలి!

మీలో ఎవరికైనా మనసు ఒకచోట నిలవడం లేదా? ఇంట్లో ఉండలేక, గుడిలో ఉండలేక, రాత్రింబగళ్లు లోలోపల పరుగెత్తుతున్నారా? నెమ్మది వచ్చాక ప్రార్థన చేద్దామని ఆగకండి తల్లీ, అయ్యా. నడుస్తూనే పిలవండి, కోపం ఉంటే కోపంతోనే పిలవండి. మీరు ఎంత దూరం పోయినా మీ వెనక వచ్చేవాడు ఆయన. ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి!