ట్రాలీ నెట్టిన పాట

మొన్న సూపర్‌బజారులో ఒక చక్రం కీచుమనే ట్రాలీ నా చేతికొచ్చింది. దాన్ని తోసుకుంటూ సామాన్ల అరలు దాటుతుంటే ఆ చక్రం నుంచి గ్రీజు వాసన సన్నగా తగిలి, ఉప్పు వెతుక్కోవాల్సిన నేను కాస్తా ఏడో తరగతిలో తేలాను.

మా నాన్న బిలాస్‌పూర్ రైల్వేలో ట్రాలీమాన్. పట్టాలు చూసుకునే ఇన్‌స్పెక్టరుగారు ట్రాలీ మీద గొడుగు నీడన కుర్చీలో కూర్చుంటే, నలుగురు మనుషులు పట్టాకు ఇద్దరు చొప్పున పరుగెత్తి ఆ చక్రాల బల్లను తోసి, అది జోరందుకోగానే ఎగిరి ఎక్కేవారు. డిసెంబరు పొద్దుల్లో సిగిడీ కుంపటి దగ్గర కూర్చుని, వేడి చపాతీలో బెల్లం చుట్టుకు తింటుంటే, మంచులోంచి మనుషుల కన్నా ముందు వాళ్ల పాట వచ్చేది. "తొయ్రా తమ్ముడా, తోవ దగ్గరే" అని నాన్న ఎత్తుకుని రెండో వరసలోకి వెళ్లేసరికి, వెనకాయన మొదటి వరస అందుకునేవాడు; ఆయన వెనక మూడో గొంతు, ఆ వెనక నాలుగోది. ఎలా ఉన్నారని ఎవరడిగినా "ఏదో నెట్టుకొస్తన్నాం" అనేది నానమ్మ. మా ఇంట్లో అది అక్షరాలా నిజం.

ఆ ఏడు బడి వార్షికోత్సవం పాటల బృందంలో చివరి వరసలో చివరి పేరు నాది. నా గొంతుకీ శ్రుతికీ మాటల్లేవు గానీ, ఆ చివరి పేరు కోసం నేను ఇంట్లో రిబ్బన్లు కూడా ఉతికి ఆరేసుకున్నాను. ఇంగ్లీషు మిస్ ఒక పాట నేర్పబోతూ, అందులోని 'ట్రోల్' అనే మాటను బోర్డు మీద రాసి అర్థం అడిగారు. తెలిసిన ఒక్క మాటా చేజారిపోతుందేమోనని గబుక్కున లేచి, "ట్రాలీ తొయ్యడం, మిస్" అన్నాను.

"పప్పా కా కామ్ బోల్ దియా" అంది వెనక బెంచీ, మా నాన్న పనే చెప్పేశానని. క్లాసంతా నవ్వు.

"రేపు అసలు అర్థం తెలుసుకుని రా. లేకపోతే పాటలో నిలబడక్కర్లేదు" అన్నారు మిస్.

"ఏటే గుంటా, ముకం అలాగెట్టినావు?" అంది నానమ్మ, నేను ఇంటికి రాగానే. సంగతి విన్న నాన్న, చేతుల గ్రీజు కిరసనాయిలుతో తుడుచుకుంటూ, "పుస్తకం సూడకుండా ఏడుపేటి? సైకిలెక్కు" అని రైల్వే ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీకి తీసుకెళ్లాడు. దిండంత నిఘంటువును నాన్న పట్టుకుంటే నేను చదివాను. దొర్లడం, తిరగడం దాని పాత అర్థమట; పాత ఫ్రెంచిలో వేటకోసం తిరిగేవాళ్ల మాట నుంచి వచ్చి ఉండొచ్చట. అందులోంచే, ఒకరెత్తుకున్న పాటను ఒకరి వెనక ఒకరు అందుకుని గుండ్రంగా తిప్పుతూ, గొంతెత్తి పాడడం. ట్రాలీ కూడా బహుశా దాని సంతానమేనట.

"అచ్ఛా" అన్నాడు నాన్న. "అంటే మేం రోజూ ఇంగిలీసులోనే పాడతన్నామన్నమాట."

మర్నాడు క్లాసులో, నాన్నవాళ్ల పాట సంగతితో సహా అంతా చెప్పాను. మిస్ కళ్లజోడు తీసి, "ఎలా పాడతారో చూపించు" అన్నారు. నేను ఎత్తుకున్నాను. మొదటి బెంచీ, రెండో బెంచీ, ఆఖరికి నిన్న నవ్విన వెనక బెంచీ కూడా వరసగా అందుకున్నాయి. తెలుగు వచ్చినవాళ్లు ముగ్గురమే అయినా, క్లాసంతా కలిసి గదిని తోసుకుపోతున్నట్టే ఉంది. అంత హోరులో నా అపశ్రుతి ఎవరికీ దొరకలేదు. నా పేరు చెరగలేదు.

ఇప్పుడు ఆ లైన్లో మోటారు ట్రాలీ తిరుగుతోంది. దానికి పాట అక్కర్లేదు. ట్రోల్ అంటే ఫోన్లో మనిషి పరువు తియ్యడం అయిపోయింది. ఒకప్పుడు నెట్టడంలో ఉన్న మాట ఇప్పుడు నెట్టులో పడింది. నాన్న రిటైరై అదే ఊళ్లో, కుదుదండ్‌లో ఉంటున్నాడు. ఆయనతో పరుగెత్తిన ముగ్గురూ లేరు.

నిన్న వెళ్లి ఆ పాట పాడమన్నాను. మొదటి వరస పాడి ఆగి నావైపు చూశాడు. అందుకున్నాను.

"సుతి ఏటోలా ఉంది గానీ, టయానికి ఎక్కినావు" అన్నాడు.

మూడో గొంతు, నాలుగో గొంతు ఎక్కాల్సిన చోట్ల ఇద్దరం కాస్త ఆగి, మళ్లీ సాగాం.