వెనక గీసిన నల్ల గీత

మే నెల ఢిల్లీలో కార్బన్ డయాక్సైడ్‌కి కూడా పని చేయబుద్ధి కాదు. చలికాలమంతా సిలిండర్లో బుద్ధిగా ద్రవంగా ఉండేది కాస్తా, ముప్పై ఒక్క డిగ్రీలు దాటగానే ఇటు ద్రవమూ కాదు, అటు వాయువూ కాదు అన్న స్థితికి వచ్చేసి, పంపుకి ఎక్కనని మొండికేస్తుంది. అందుకని ల్యాబు వరండాలో సిలిండర్‌కి తడి గోనెసంచులు చుట్టి, వాటి మీద మగ్గుతో నీళ్లు పోస్తూ ఉండేదాన్ని. నా కూతురు ఢిల్లీలో పెద్ద చదువు చదువుతోందని శ్రీకాకుళంలో అందరికీ చెప్పుకునే మా అమ్మ ఆ అవతారం చూస్తే ఏమనేదో.

నా పని చెప్పడానికి తేలికే. మందపాటి ఉక్కుతో చేసిన పిడికెడంత గది. దానికి ముందొకటి, వెనకొకటి గాజులా తేటగా ఉండే నీలమణి కిటికీలు. లోపల పసుపుకొమ్ముల నుంచి తీసిన నూనె, కార్బన్ డయాక్సైడ్ కలిపి ఒత్తిడి బాగా పెంచితే రెండూ ఒకదాన్లో ఒకటి కలిసిపోయి నీళ్లంత తేటగా అయిపోతాయి. తర్వాత మోటారు ఆ ఒత్తిడిని నెమ్మదిగా తగ్గిస్తుంది. ఒకచోట అవి ఇంక కలిసి ఉండలేక విడిపోవడం మొదలుపెడతాయి, లోపలంతా ఒక్కసారిగా తెల్లగా మసకబారుతుంది. అప్పుడు ఒత్తిడి ఎంతుందో అదే నాకు కావలసిన అంకె. ఒక్కో వేడి దగ్గర ఒక్కో అంకె తీసి, అన్నీ కలిపి ఒక వంపు గీస్తే థీసిస్ అయిపోతుంది. అవుతుందనుకునే ఇన్నేళ్లు గడిచాయి.

అయితే ఆ మసకని పట్టుకోవాల్సింది మనిషి కన్నే. కన్ను తనకి కావలసింది చూస్తుందని మా గైడుకి గట్టి అనుమానం. అందుకే ఆయన ల్యాబులో ఒక ఆచారం పెట్టారు. ప్రతి రీడింగుకీ ఇద్దరు కూర్చోవాలి. ఇద్దరి చేతుల్లోనూ చెరో బటన్ ఉంటుంది. మాట్లాడుకోకూడదు. మసక కనబడగానే ఎవరికి వారు నొక్కాలి, నొక్కినప్పటి ఒత్తిడి కంప్యూటర్లో పడుతుంది. రెండూ దగ్గరగా వస్తేనే అది రీడింగు. ఇంకో చిక్కు కూడా ఉంది. కొన్ని వేడుల దగ్గర అసలు మసకకి ముందే లోపల పలచటి టీ రంగు తిరుగుతుంది. అది ఉత్త మాయ, దాన్ని చూసి నొక్కకూడదు. ఆ పొరపాటు రాకుండా గైడు వెనక కిటికీ అవతల తెల్ల అట్టముక్క మీద స్కెచ్‌పెన్నుతో ఒక నల్ల గీత గీసి పెట్టారు. ఆ గీత కనబడకుండా పోతేనే మసక కింద లెక్క.

నా జోడీ పాట్నా అమ్మాయి. మంచి పిల్ల, నాకంటే ఓపిక ఎక్కువ. హోలీ వెళ్లినప్పటి నుంచీ ఇద్దరం కూర్చుని గబగబా రీడింగులు తీశాం. గబగబా అని ఎందుకంటున్నానంటే, గైడు వర్షాకాలం రాకముందే రిటైరవుతున్నారు, ఆ ఉక్కు గది ఇంకో డిపార్ట్‌మెంటుకి వెళ్లిపోతుంది. పైగా మా ఆయనకి పోస్టింగ్ వచ్చింది.

మా ఆయన ఆర్మీలో నాయబ్ సుబేదారు. పెళ్లయ్యాక మేం కలిసి ఉన్నది తక్కువ. ఆయన సరిహద్దుల్లో ఉన్నప్పుడు నేను ఢిల్లీలోనే కటవారియా సరాయ్‌లో, కిటికీ తెరిస్తే పక్కింటి గోడ తగిలే గదిలో, మెస్సు రాజ్మా తింటూ పరీక్షలకి చదివాను. పీహెచ్‌డీ సీటు వచ్చాక కూడా కొన్నాళ్లు ఆ గదిలోనే. ఆయనకి ఢిల్లీ పోస్టింగ్ వచ్చి కంటోన్మెంటులో క్వార్టర్ ఇచ్చినప్పుడు గాని మాది సంసారమని నాకు అనిపించలేదు. ఇప్పుడు ఆయన్ని జబల్‌పూర్ వేశారు. అక్కడ కుటుంబానికి క్వార్టర్ దొరుకుతుంది. నా రీడింగులు ముగిస్తే ఇద్దరం ఒకే రైలెక్కవచ్చు, థీసిస్ అక్కడ కూర్చుని రాసుకోవచ్చు. ముగించకపోతే ఆయన అటు, ఈ క్వార్టర్ ఖాళీ చేసి నేను మళ్లీ ఆ గదికి. ఈ వయసులో ఆ మెట్లెక్కే ఓపిక నాకు లేదు. నిజంగా లేదు.

చివరికి ఒకే ఒక్క రీడింగు మిగిలింది. పాట్నా అమ్మాయి అన్న పెళ్లికని ఊరెళ్లింది. రెండో కన్ను ఎవరిదైనా ఫర్వాలేదని గైడు ఒప్పుకున్నారు. మా ఆయన్ని రమ్మన్నాను.

ఆయన నా ల్యాబుకి రావడం అదే మొదటిసారి. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. తడి గోనెలు చుట్టుకున్న సిలిండర్‌ని చూసి, దీనికీ వడదెబ్బ తగిలిందా అన్నారు. స్టూలు మీద నిటారుగా కూర్చుని నేను చెప్పిందంతా శ్రద్ధగా విన్నారు. వెనక నల్ల గీత కనబడుతోందా అంటే కనబడుతోందన్నారు. అది పోగానే నొక్కండి, అంతే అన్నాను. ఠీక్ హై అన్నారు.

మోటారు మొదలైంది. పక్కపక్కనే కూర్చుని ఆ చిన్న కిటికీలోకి చూశాం. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత లోపల రంగు మారింది. నాకు తెల్లబడినట్టే అనిపించింది. అనిపించడమేమిటి, చూశాననే ఈ రోజుకీ ఒట్టేసి చెప్పగలను. బటన్ నొక్కాను. అది టిక్కుమంది.

ఆయన నొక్కలేదు.

ఒత్తిడి తగ్గుతూనే ఉంది. స్క్రీన్ మీద నా అంకె ఒక్కటే ఒంటరిగా కూర్చుంది. నేను ఆయన బొటనవేలి వంక చూశాను. అది కదల్లేదు. అప్పుడు మళ్లీ కిటికీలోకి చూస్తే టీ రంగులో ఆ నల్ల గీత, పలచగానే అనుకోండి, ఇంకా ఉంది. కాసేపటికి లోపలంతా సున్నం కలిపినట్టు తెల్లబడి గీత మాయమైంది. ఆయన అప్పుడు నొక్కారు. రెండు అంకెల మధ్యా ఏ గైడూ ఒప్పుకోనంత దూరం.

నాకు ఒళ్లు మండింది. "నా బటన్ చప్పుడు వినబడలేదా మీకు?" అని అడిగాను.

"వినబడింది."

"మరి?"

"గీత కనబడతనే ఉంది. ఎలగ నొక్కుతాను?"

 చప్పుడు ఆయనకి వినబడిందంటే, ఇన్నాళ్లూ పాట్నా అమ్మాయికీ వినబడింది. నేను నొక్కగానే ఆ పిల్ల నొక్కింది, ఆ పిల్ల నొక్కితే నేనూ నొక్కాను. కావాలని కాదు. పక్కవాళ్లు టిక్కుమనిపిస్తే మన కంటికీ మసక కనబడిపోతుంది. ఇద్దరు చూడాలని అంత పట్టుబట్టిన గైడుకి గాని, ఏళ్ల తరబడి ఆ స్టూళ్ల మీద కూర్చున్న మాకు గాని, చప్పుడు చేసే బటన్లు పెట్టుకున్నామన్న సంగతి తట్టలేదు. హోలీ నుంచి తీసిన అంకెల్లో ఏది నిజమైన మసకో, ఏది టీ రంగో ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు.

గైడుకి ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను. బటన్లు మార్చి మొదటి వేడి దగ్గర్నుంచి మళ్లీ తియ్యి, ఆ ఉక్కు గది ఇంకొన్నాళ్లు నీ దగ్గరే ఉంచమని అడిగి చూస్తాను అన్నారు. 

స్కూటర్ మీద ఇంటికి వచ్చేటప్పుడు వడగాలికి మొహం కాలిపోతోంది. ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్ ఆగింది. వెనక కూర్చుని ఆయన చెవి దగ్గరికి వంగి అన్నాను.

"నా చప్పుడు విని మీరూ నొక్కేసి ఉంటే, ఇద్దరం కలిసి వెళ్లిపోయేవాళ్లం. తెలుసా?"

ఆయన వెనక్కి తిరగలేదు. "తెలుసు," అన్నారు.

తెలిసే నొక్కలేదు. ఆ నిజాయితీ నాకు ఎంత బరువైందో చెప్పలేను. ఆయన వీపుకి తల ఆనించి ఏడ్చాను. హెల్మెట్ ఉంది కాబట్టి పక్క కారు వాళ్లకి తెలిసి ఉండదు.

ఇంటికి వచ్చాక ఆయన చొక్కా కూడా మార్చుకోకుండా, హాల్లో సర్ది పెట్టిన నల్ల ట్రంకు పెట్టె ముందు చతికిలబడ్డారు. జబల్‌పూర్ అని తెల్లరంగుతో రాసిన ఆ మూత ఎత్తి, అడుగునుంచి చిన్న కుక్కర్ తీశారు, ఆవకాయ సీసా తీశారు. కటవారియా సరాయ్ గదిలో కరెంటు పొయ్యి పెట్టనిస్తారా అని అడిగారు. ఇదివరకు పెట్టనిచ్చారు, ఇప్పుడు తెలియదన్నాను. తర్వాత స్టీలు కంచాలు రెండూ బయటికి వచ్చాయి. పెళ్లికి మా పిన్ని పెట్టినవి, రెండింటి మీదా ఇద్దరి పేర్లూ కలిపి చెక్కించింది. ఏది ఎవరిదో తేడా లేదు. ఆయన రెండూ చేతుల్లో పట్టుకుని కాసేపు చూశారు. ఒకటి నా కుక్కర్ పక్కన పెట్టి, రెండోది పెట్టెలో వేసి మూత దించారు.