శుక్రవారం పేడ

దమ్మపేట దాటాక అడవి మొదలయ్యే చోట మా గూడెం. పది ఇళ్లకూ కలిపి ఒకటే గోబర్ గ్యాస్. రోజూ పొద్దున్నే ఇంటికో గంప పేడ తెచ్చి తొట్టిలో కలపాలి. అందరూ పోస్తేనే అందరి పొయ్యిలూ మండేవి. నా ప్రాణమంతా ఆ పొయ్యి మీదే ఉండేది. మా అత్తకు దమ్ము, ఊపిరాడనివ్వని ఉబ్బసం. "మళ్లీ పొగ పీలిస్తే ఈమె దక్కదు" అని ఖమ్మం దవాఖానాలో డాక్టరు చెప్పాడు. మాది ఒంటి గది ఇల్లు, పైగా ముసురు. కట్టెల పొయ్యి బయట పెట్టుకునే వీలు లేదు.

శుక్రవారం మాత్రం ఎవరూ పేడ పోసేవారు కాదు. పేడలో లక్ష్మి ఉంటుందని, ఆ రోజు గడప దాటిస్తే ఇంటి పాడి పోతుందని నమ్మకం. ఒక శుక్రవారం పక్కింటి అక్క వారం మరిచి గంప పట్టుకెళ్లింది. సాయంత్రానికి ఆమె గేదె కడుపుబ్బి చచ్చింది.

అంతే, ఇక ఏ వారం పోసినా గొడ్డుకు కీడేనన్న భయంతో మర్నాటి నుంచి తొట్టి దగ్గరికి ఒక్కరూ రాలేదు. అడిగితే, "ముందు మీరు పొయ్యుండ్రి, ఎనక మేం పోస్తం" అనేవాళ్లు. పక్కవాళ్ల గొడ్డుతో ధైర్యం చేయడానికి అందరూ సిద్ధమే. నేను మాత్రం తీసిపోయానా? మా ఆవు నిండు చూలు. నాకూ భయమే.

మంట రోజురోజుకూ కుంగింది. గురువారం అన్నం ఉడకకముందే ఆరిపోయింది. కట్టెలు ముందేసుకుని, అగ్గిపుల్ల గీయలేక కూర్చున్నాను.

"నానబోసిన అటుకులు తింట గనీ, ఆవు జోలికి పోకు బిడ్డా" అంది అత్త. ఆ ఒక్క మాటకే ఊపిరందక మధ్యలో ఆగింది. నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది.

తెల్లారి చూస్తే తొట్టి దగ్గర పక్కింటి అక్క. దారిలో పడ్డ పేడ ఏరి తెచ్చింది.

"ఇయ్యాల శుక్రవారం అక్కా" అన్నాను.

"ఎరుకే. నాకింక పోయేదేముంది? మీ అత్త ఎగపోత మా గోడ అవతలికి ఇనపడ్తాంది."

నేను ఇంటికెళ్లి గంప నింపాను. ఎత్తుకుని తొట్టి దగ్గరికి నడిచాను. నన్ను చూసి ఇంకొందరు గంపలతో వచ్చారు, ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. ఆ రోజంతా నేను కొట్టం వదల్లేదు. ఆవు నెమరు ఆపితే నా గుండె ఆగేది.

మర్నాడు సన్నగా నీలం మంట లేచింది. వేడన్నం కలిపి అత్త చేతికిచ్చాను. ముద్ద పట్టుకుని అలాగే కూర్చుంది.

"ఆవు మేసిందా?"

"మేసింది అత్తా."

అప్పుడు గానీ ముద్ద నోట్లో పెట్టుకోలేదు.