పదకొండో తులిప్ పువ్వు

రీగాలో బతికున్న మనిషికి సరిసంఖ్యలో పువ్వులివ్వకూడదు. రెండు, నాలుగు, పది, ఇవన్నీ సమాధుల లెక్క. ఒకటి, మూడు, పదకొండు, ఇవి బతికున్నవాళ్ళవి. ఈ సంగతి మా ఊళ్ళో పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు. వెర్మానే తోట పక్కన పూలకొట్టు పెట్టుకున్న వెల్టాకైతే ఇది వేదవాక్కు. ముప్పై నాలుగేళ్ళలో ఆమె చేతిమీదుగా ఒక్క సరిసంఖ్య గుత్తి కూడా బతికున్నవాళ్ళింటికి వెళ్ళలేదు. గొప్పలు చెప్పుకోవడం మావాళ్ళకి చేతకాదు గానీ, ఈ ఒక్క విషయంలో వెల్టా కాస్త మెడ నిక్కించుకునే తిరిగేది.

మా క్యాలెండర్లో ప్రతి పేరుకీ ఓ రోజుంది. ఆ రోజున ఆ పేరుగలవాళ్ళింటికి పిలవకపోయినా వెళ్ళాలి, పువ్వులివ్వాలి, పెట్టింది తినాలి. ఊరందరి పేరు రోజులకీ గుత్తులు కట్టిచ్చిన వెల్టాకి మాత్రం ఇంతవరకు ఎవరూ పువ్వు తెచ్చివ్వలేదు. కేకులు తెచ్చారు, కాఫీ పొడి తెచ్చారు, ఒకాయన గొడుగు తెచ్చాడు. పూలకొట్టావిడకి పువ్వులెవరిస్తారు, చేపలవాడికి చేప పట్టుకెళ్తామా? ఆమె కూడా ఏమీ అనుకోలేదు. అనుకోలేదని ఆమే చెప్పేది.

మే నెలలో ఒక పొద్దున అన్సెల్ము వచ్చాడు. పోర్చుగల్ మనిషి, సీసాలకి పెట్టే బిరడాల వ్యాపారం. మొదటిసారి రీగా వచ్చినప్పుడు పాతబస్తీ చర్చి శిఖరాలన్నీ ఫోటోలు తీసుకున్నాడు. రెండోసారి వచ్చి బిరడాలు అమ్మాడు. మూడోసారి వచ్చింది, ఆ బిరడాలు లెక్కచూసుకునే గిడ్డంగిలో పనిచేసే సనిత కోసం. ఇది నాలుగోసారి. చొక్కా ఇస్త్రీ నలగకుండా రెండు చేతులూ ఎడంగా పెట్టుకుని నడుస్తున్నాడు.

“ఎర్ర తులిప్‌లు, పదకొండు,” అన్నాడు వచ్చీరాని మా భాషలో. అంకె సరిగ్గా పలికినందుకు తనే మురిసిపోయాడు.

“ఎవరికి బాబూ?”

“సనిత వాళ్ళమ్మగారికి. ఇనారా అని. ఇవాళ ఆవిడ పేరు రోజు. మొదటిసారి వెళ్తున్నా.”

“ఒప్పుకున్నట్టేనా మరి ఆవిడ?”

“లేదండీ. పరాయివాడికి మన పద్ధతులేం తెలుస్తాయి, పిల్ల జన్మంతా వాడికి పాఠాలు చెప్పుకుంటూ కూర్చోవాలా అందట. ఇవాళ నన్ను చూశాక అవునో కాదో చెప్తుందట.” ఆపైన ఫోన్ తీసి, “అవోటు వీధి ఎటు? రొట్టెల కొట్టు మేడ, నాలుగో అంతస్తు,” అని అడిగాడు.

వెల్టాకి కుర్రాడు నచ్చాడు. బక్కెట్లోంచి మంచి మంచివి ఏరి పదకొండూ లెక్కపెట్టింది. అందులో ఒకదాని మెడ విరిగి వేలాడుతోంది. విరిగినవాటిని ఆమె పారెయ్యదు, బల్లమీద జామ్ సీసాలో పెట్టుకుంటుంది. అలాగే పెట్టింది. దాని బదులు ఇంకోటి తియ్యబోతుంటే పక్క పూలకొట్టు గూనార్స్ అందుకున్నాడు.

“ఏం వెల్టా, ఇస్త్రీ చొక్కా కనపడితే చాలు, చేతులు వణుకుతున్నాయే!”

“నీ లిలాక్ పూలు చూస్తే నాకు తుమ్ములొస్తాయి, అంతే. నీ పని నువ్వు చూస్కో,” అంటూనే ఆమె దారం చుట్టేసింది, ముడి వేసేసింది.

అన్సెల్ము లెక్కపెట్టబోయి ఆగాడు. “మీరు లెక్కపెట్టారుగా. చాలు,” అని నమ్మి తీసుకెళ్ళాడు.

ఓ అరగంట పోయాక కాఫీ తాగుతూ జామ్ సీసా వైపు చూసింది వెల్టా. మెడ విరిగిన తులిప్ ఆమెనే చూస్తోంది. బదులు పువ్వు పెట్టలేదు. వెళ్ళినవి పది.

“పోనీలే,” అన్నాడు గూనార్స్ సంగతంతా విని. “పరాయివాడు, తెలీక తెచ్చాడనుకుంటారు. నీ పేరెవడెత్తుతాడు?”

“అలా అనుకుంటారనేగా నా ఏడుపు. వాడికి తెలుసయ్యా. పదకొండని నోరు తిరక్కపోయినా నేర్చుకుని మరీ వచ్చాడు. నా మూలంగా వాడికి పిల్ల దక్కకపోతే నేనీ కొట్టులో ఏ మొహం పెట్టుకు కూర్చోను?”

“వెళ్ళి ఒప్పుకుంటే నీ ముప్పై నాలుగేళ్ళ మాట గంగలో కలుస్తుందే.”

“కలవనీ. కొట్టు చూస్తుండు.”

ఒక్క ఎర్ర తులిప్ పట్టుకుని పరుగు లంకించుకుంది. ఆమె వయసుకి అది పరుగే, చూసేవాళ్ళకి నడకలా ఉండొచ్చు. అవోటు వీధిలో రొట్టెల కొట్టు దొరికింది. నాలుగంతస్తులెక్కేసరికి ఊపిరి నోట్లోకి వచ్చింది. తలుపు తీసింది ఇనారాయే, మెళ్ళో ముత్యాలు, చేతిలో రొట్టె కత్తి.

“పేరు రోజు శుభాకాంక్షలండీ,” అని వెల్టా పువ్వు చాపింది. ఇచ్చేసి అక్కణ్ణించే సంగతి చెప్పి పారిపోదామని ఆమె ఆశ.

“గడప మీద నుంచి వద్దండీ, కీడు. లోపలికి రండి,” అంది ఇనారా. ఎవరని అడగలేదు. పేరు రోజున వచ్చినవాళ్ళని అడగం.

లోపలికెళ్ళాలంటే జోళ్ళు విప్పాలి. విప్పితే ఒక మేజోడు ఆకుపచ్చ, ఒకటి గోధుమరంగు, గోధుమరంగు దానికి చిల్లు. ఆ చిల్లులోంచి బొటనవేలు ముందు నడవగా, వెనక వెల్టా హాల్లోకి వెళ్ళింది. బల్ల మీద కుంకుమపువ్వు వేసిన పెద్ద తీపిరొట్టె, మాంసం కూరిన పిరాగి బన్నుల బుట్ట. బల్ల చుట్టూ ఇనారా అక్కచెల్లెళ్ళు ముగ్గురు. చివర్న సనిత, పక్కన అన్సెల్ము. ఆ పిల్లాడు వెల్టాని చూసి పలకరింపుగా నవ్వాడు, ఏమీ తెలియదు పాపం.

పూలకూజా బల్ల మధ్యలో ఉంది. వెల్టా కళ్ళు అలవాటుకొద్దీ లెక్కపెట్టేశాయి. తొమ్మిది.

మళ్ళీ లెక్కపెట్టింది. తొమ్మిదే. ఇప్పుడు తన చేతిలోది పెడితే పదవుతుంది.

ఇనారా ఆమె మోచెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళింది. రొట్టెల డబ్బా వెనక గ్లాసులో ఒక తులిప్ ఉంది.

“మీరూ లెక్కపెట్టారు, చూశాను,” అంది ఇనారా గొంతు తగ్గించి. “పది తెచ్చాడండీ. మా అక్కచెల్లెళ్ళు చూస్తే చచ్చేదాకా చెప్పుకుంటారని ఒకటి లాగేశాను. పిల్లాడు మంచివాడే. కానీ పదేమిటండీ, నా పేరు రోజున? రాత్రికి సనితకి వద్దని చెప్పేద్దామనుకుంటున్నా.”

నోరు మూసుకుంటే వెల్టా పరువు నిలిచేది. ఆమె మూసుకోలేదు.

“పూలకొట్టు వెల్టాని నేను. ఆ గుత్తి కట్టింది నేనే. వాడు పదకొండే అడిగాడు. నేను లెక్కపెట్టానని నమ్మి వాడు లెక్కపెట్టుకోలేదు. తప్పు నాదండీ, వాడిది కాదు.”

ఇనారా ఆమె మొహంలోకి పరీక్షగా చూసి, “వెర్మానే తోట దగ్గర వెల్టానా? మా ఆయన పోయినప్పుడు నాకు పువ్వులిచ్చింది మీరే,” అంది. “ఇది చెప్పడానికి నాలుగంతస్తులెక్కారా?”

“ఎక్కాను. దిగడమే తెలీడంలేదు.”

ఇనారా పకపకా నవ్వి, గ్లాసులో పువ్వూ వెల్టా చేతిలో పువ్వూ తీసుకుని హాల్లోకెళ్ళి అందరి ముందూ కూజాలో పెట్టింది.

“అన్సెల్ము తెచ్చినవి పదకొండు,” అంది గట్టిగా. “లెక్కపెట్టుకోండి.” అక్కచెల్లెళ్ళు ముగ్గురూ నిజంగానే లెక్కపెట్టారు.

“ఇప్పుడివి నావి. నా ఇష్టం,” అంటూ ఇనారా రెండు పువ్వులు బయటికి తీసింది. ఒకటి అన్సెల్ము చొక్కా జేబులో గుచ్చి, “తిను అల్లుడూ, రొట్టె చల్లారిపోతోంది,” అంది. సనిత మొహం చేతుల్లో దాచుకుంది. రెండోది వెల్టా చేతిలో పెట్టింది.

“ఇది మీకు.”

వెల్టాకి ఏం చెయ్యాలో తోచలేదు. ఇన్నేళ్ళూ ఇవ్వడమేగా, పువ్వు పుచ్చుకోవడం ఆమెకి రాదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పిరాగి ఒకటి నోట్లో కుక్కుకుని ఆపుకుంది.

మధ్యాహ్నం తులిప్ పట్టుకుని కొట్టుకొచ్చిన ఆమెని చూసి గూనార్స్, “అయ్యో, తీసుకోలేదా?” అన్నాడు.

“తీసుకున్నారు. ఇది నాకిచ్చారు.”

జామ్ సీసాలో పెట్టబోయి ఆగింది. అందులో మెడ విరిగింది ఇంకా ఉంది, రెండవుతాయి. కాఫీ కప్పు కడిగి, నీళ్ళు పోసి, అందులో పెట్టింది.

సాయంత్రం ఒకావిడ వచ్చి, “ఆ కప్పులోది బాగుందండీ, అదివ్వండి,” అంది.

“అది అమ్మేది కాదు,” అని వెల్టా ఆవిడకి బక్కెట్లోంచి మూడు తీసి, రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చింది.