విమానం చాటు మాటలు

మా బావ పని భవనాల ముందు గోడలు గీయడం. విమానాల మోత లోపలికి రాకుండా అద్దాలు, బాల్కనీలు ఎలా ఉండాలో గీస్తాడు. తన గడ్డం గీసుకుని మాత్రం వారమైంది.

బావ ఫ్లాటు నెత్తిమీదుగానే నాలుగు నిమిషాలకో విమానం దిగుతుంది. అది పోయేదాకా వీధిలో ఎవరి మాట అక్కడే ఆగిపోతుంది. ఆగని నోళ్ళు రెండే, మా అక్కదీ వాళ్ళత్తగారిదీ. కిటికీలో విమానం కనబడగానే ఇద్దరూ చెరో గోడ వైపు తిరిగి పెదాలు ఆడిస్తారు. అది పోగానే "కాఫీ పెట్టనా అత్తయ్యా?", "పెట్టమ్మా." పదకొండేళ్ళుగా ఆ ఇంట్లో గొడవన్నది లేదు. ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటున్నారనే మేమంతా అనుకున్నాం.

మూడేళ్ళుగా బావకి ఒకటే జపం. ఆదివారం లేదు, పెళ్ళిరోజు లేదు. మందం తేడా ఉన్న రెండు అద్దాలు, మధ్య జానెడు ఖాళీ, అంచుల్లో రబ్బరు, మోతను బయటికే తిప్పికొట్టేలా వాలుగా బాల్కనీ పైకప్పు. "చీమ దూరే సందుంటే విమానం దూరినట్టే" అంటాడు. చివరికి తన ఫ్లాటుకే బిగించాడు. పరీక్షలో నెగ్గితే వీధి మొత్తానికీ అదే. ఓడితే మూడేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

పరీక్ష చేసే ఇంజినీరమ్మ వచ్చాకే ఆఖరి సందుకు రబ్బరు బిగిసింది. ఆవిడ మోత కొలిచే మీటరు హాలు మధ్యలో పెట్టింది. బావ గోళ్ళు కొరుకుతున్నాడు. నాకూ భయమేసింది. ఎంతైనా మా బావ.

కిటికీలో విమానం కనబడింది. అలవాటు ఊరుకుంటుందా?

"ఊరందరి కిటికీలూ చూస్తాడు గానీ, ఈ మహానుభావుడికి పెళ్ళాం మొహం చూసే తీరిక లేదు!" అంది అక్క గొంతు చించుకుని.

"మోకాలు నొప్పిరా అని నెల్నాళ్ళుగా చెప్తున్నా. విమానం వినపడుతుంది వెధవకి, తల్లి గొంతు వినపడదు!" అంది అత్తయ్య అంతకంటే గట్టిగా.

విమానం కిక్కురుమనకుండా వెళ్ళిపోయింది. అత్తాకోడళ్ళు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. పదకొండేళ్ళుగా ఇద్దరూ తిడుతున్నది బావనే అని అప్పుడు తెలిసి, నాకు నవ్వాగలేదు.

ఇంజినీరమ్మ మీటరు చూసి, "బయటి మోతేం రాలేదండీ. ఉన్నదంతా ఇంటి మోతే. ఇంకో విమానం రానివ్వండి, మళ్ళీ చూద్దాం" అంది.

ఈసారి ఎవరూ నోరు విప్పలేదు. బావ నెగ్గాడు. నేను చప్పట్లు కొట్టాను గానీ ఆయన నా వైపు చూడనేలేదు. వెళ్ళి తల్లి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"ఏ మోకాలమ్మా?"

అత్తయ్య అలవాటుగా కిటికీ వైపు చూసింది. విమానమేదీ లేదు.

"రెండూనురా" అంది.