ఆప్షన్ సి పట్టుకుని భవానీపూర్ వెళ్లాను

నేను కోల్‌కతా వెళ్లింది పరీక్ష రాయడానికి. డేటాబేస్‌లు చూసుకునే మాబోటి వాళ్లకి నిపుణుల స్థాయి సర్టిఫికెట్ ఒకటుంటుంది. దాని పరీక్ష నేను అప్పటికే రెండుసార్లు తప్పాను. మా హైదరాబాద్ ఆఫీసులో ఆసుపత్రుల డేటా చూసే కొత్త టీమ్ పెడుతున్నారు, నెలాఖరులోపు సర్టిఫికెట్ తెచ్చుకుంటే దానికి లీడ్ నువ్వేనని మేనేజర్ గారు మాటిచ్చారు. తీరా చూస్తే హైదరాబాద్ సెంటర్లలో నెలాఖరు దాకా ఒక్క స్లాటూ లేదు. కోల్‌కతాలో మాత్రం ఆదివారం సాయంత్రం ఆరింటికి ఒకటి దొరికింది. అది వెతుకుతుంటే ఇంకో సంగతి కంటబడింది. అక్కడి డేటాబేస్ వాళ్లు కొందరు సంఘంగా ఏర్పడి ప్రతి నెలా మూడో శనివారం మధ్యాహ్నం భవానీపూర్‌లో కలుస్తారట, ఎవరైనా వెళ్లొచ్చట, రుసుమేమీ లేదట. అదీ సరిగ్గా నా పరీక్షకి ముందు రోజే. ఇలాంటి సంఘాల్లో కూర్చుని జనం ఏం చేసుకుంటారో చూడాలని నాకు ఎప్పట్నుంచో కుతూహలం. శనివారం పొద్దున ఆరింటి ఫ్లైట్ ఎక్కేశాను.

దాచకుండా ఒక మాట చెప్పాలి. నా ఫోన్‌లో ఒక పీడీఎఫ్ ఉంది. పరీక్షలో వచ్చే ప్రశ్నల్ని జవాబులతో సహా ఎవరో బయటికి వదులుతారు, దాన్ని మావాళ్లు డంప్ అంటారు. వాట్సాప్ గ్రూపుల్లో పెళ్లి శుభలేఖల కన్నా ఎక్కువ తిరుగుతుంది. రెండుసార్లు తప్పాక నేనూ దిగజారి అది బట్టీ పట్టాను. ఫ్లైట్‌లో కూడా అదే చదువుకున్నాను, పక్క సీటాయన తొంగి చూసినప్పుడల్లా ఫోన్ బోర్లా పెడుతూ.

కోల్‌కతా విమానాశ్రయం నుంచి ఇప్పుడు మెట్రో ఉంది కాబట్టి టాక్సీ బేరాల గొడవ లేదు. నోవాపాడాలో దిగి దక్షిణం వైపు వెళ్లే నీలం లైను పట్టుకుంటే భవానీపూర్‌కి గంట పైచిలుకు పడుతుంది. టికెట్టు యాభై రూపాయల లోపే. గది ముందే బుక్ చేసుకున్నాను, రోజుకి పద్నాలుగు వందలు. కిటికీ ఉంది గానీ అది ఎదురింటి వాళ్ల వంటింట్లోకి తెరుచుకుంటుంది. పన్నెండున్నరకి కింద సందులో ఒక పాత అన్నం హోటల్‌లో భోంచేశాను. అక్కడ ప్రతిదానికీ వేరే ధర. అన్నానికొకటి, పప్పుకొకటి, చేపకొకటి. ఆఖరికి అరిటాకుకీ నిమ్మచెక్కకీ కూడా. "ఆకు కూడా లెక్కేనా దాదా?" అని హిందీలో అడిగాను. వంటాయన గరిటె ఆపి, "కావాలంటే చేతిలో పెడతాను, తినండి" అన్నాడు. బొచ్చె చేప కూరతో నూట అరవై అయింది. ఆవపెట్టిన ఆ పులుసు రుచికి ఇంకో యాభై అడిగినా ఇచ్చేవాణ్ణి.

మూడింటికి మీటింగ్. పుస్తకాలకి అట్టలు కుట్టే దుకాణం పైన ఒక ట్యూషన్ గది, బెంచీల మీద పాతికమంది. పెద్దదిక్కుగా ఉన్నాయన అనిర్బన్ దా, అంటే అనిర్బన్ అన్న, యాభై దాటిన మనిషి, బీమా ఆఫీసులో పని. హైదరాబాద్ నుంచి వచ్చానంటే, నా కంపెనీ పేరు గానీ, ఏయే సర్టిఫికెట్లు ఉన్నాయని గానీ అడగలేదు. "పరీక్ష ఎప్పుడు?" అన్నాడు. రేపే అన్నాను. గదంతా ఉత్సాహంగా కదిలింది. పరీక్షకి వెళ్లబోయేవాళ్లు ముందు ఇక్కడ ఒక పాత ల్యాప్‌టాప్ దగ్గర కూర్చోవాలట. అందులో డేటాబేస్‌ని వీళ్లు కావాలనే చెడగొట్టి పెడతారు. ఇరవై నిమిషాల్లో బాగుచెయ్యాలి. మనసులో అనుకునేదంతా పైకి చెబుతూ చెయ్యాలి, ఎవరూ అందించకూడదు. ఎంత బాగుంది పద్ధతి అనుకుంటూ కుర్చీ లాక్కున్నాను.

అనిర్బన్ దా సమస్య చదవడం మొదలుపెట్టాడు. "డిస్క్ నిండిపోయింది, డేటాబేస్ ఆగిపోయింది, లాగ్ ఫైళ్లు..." ఆయన వాక్యం పూర్తి కానేలేదు, నా నోట్లోంచి "ఆప్షన్ సి" అని వచ్చేసింది.

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు, అదే ఎక్కువ బాధేసింది. ఆ గదిలో అందరికీ అర్థమైపోయింది.

"ఇక్కడ ఆప్షన్లు లేవండీ," అని వెనక బెంచీ నుంచి తెలుగులో వినిపించింది. "ల్యాప్‌టాప్ ఉంది. సేసి సూపించండి."

ముప్పై ఏళ్ల లోపు అమ్మాయి. ఉలిక్కిపడి మళ్లీ స్క్రీన్ వైపు తిరిగాను. మార్పుల్ని ఎప్పటికప్పుడు రాసిపెట్టే డైరీల్లాంటివి ఆ లాగ్ ఫైళ్లు. నిన్నటి బ్యాకప్ మీద వాటిని వరసగా నడిపిస్తేనే డేటా ఈ నిమిషం దాకా వస్తుంది. నా పీడీఎఫ్‌లో సి అంటే 'పాత లాగ్‌లు తీసేసి చోటు చెయ్యాలి' అని. నేను ఫైళ్లన్నీ ఎంచి చెరిపేశాను. వాటిని ముందు ఇంకోచోట దాచుకోవాలన్న ఊహే రాలేదు. డేటాబేస్ అప్పటికీ కదల్లేదు. అప్పుడు అనిర్బన్ దా మెల్లిగా, "సరే, ఇప్పుడు డిస్క్ కూడా పోయిందనుకోండి. వెనక్కి తెండి," అన్నాడు. తేలేకపోయాను. నిన్న రాత్రి దాకా వచ్చింది, ఇవాళ్టి పనంతా గల్లంతు. డైరీలు నేనే చెరిపాను కదా. ఇదే ఆసుపత్రి డేటా అయితే, ఇవాళ పొద్దున చేసిన రక్త పరీక్షలు ఎన్ని పోయేవోనని ఆలోచన వచ్చింది.

అయిదింటికి కింద టీ కొట్టు దగ్గర ఆ అమ్మాయే పలకరించింది. పేరు ఈశ్వరి. వాళ్ల నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి వాట్‌గంజ్ రేవులో పనిచేస్తున్నాడు. ఈమె అక్కడి ఒక సరుకుల గోదాం కంపెనీలో డేటాబేస్ చూస్తుంది. తెలుగు ఇంట్లో మాట్లాడటమే గానీ చదవడం సరిగా రాదట.

"ఏటండీ, అంత దిగులు పడిపోతన్నారు? నాను కూడా అలగే పాసయ్యాను," అంది.

"డంప్‌తోనా?"

"అవును. సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించి నాన్నే గోడకి తగిలించాడు. మూడు నెల్లకి ఆఫీసులో డిస్క్ నిండితే మీరు సేసిందే సేశాను. ఏ పెట్టె ఏ వరసలో ఉందో ఆ రోజు లెక్కంతా పోయింది. మర్నాడు మనుషుల్ని పెట్టి ఎండలో ఒక్కో పెట్టే తెరిపించారు. ఆ మనుషుల్లో మా నాన్నున్నాడు."

"ఆయనకి చెప్పారా?" అన్నాను.

"సాయంత్రం కాళ్లకి నూనె రాస్తా సెప్పేశాను. పొద్దున లేసి, నేర్పేవోళ్లు ఎక్కడున్నారో ఎతుక్కో అన్నాడు. అప్పట్నుంచీ ఇక్కడికొస్తన్నాను."

ఫోన్‌లో టైము చూశాను, అయిదూ ఇరవై. నా పరీక్ష స్లాటు మార్చుకోవాలంటే ఇరవై నాలుగు గంటల ముందే మార్చుకోవాలి, అంటే ఆరింటి లోపు. రేపు వెళితే పాసవుతానని నాకు నమ్మకంగా తెలుసు. పీడీఎఫ్ మొదటి పేజీ నుంచి చివరిదాకా అప్పజెప్పగలను. అందుకే భయమేసింది. సర్టిఫికెట్ వస్తుంది, టీమ్ వస్తుంది, ఆసుపత్రుల డేటా నా చేతికొస్తుంది. ఆ చేతులతో ఇందాక ఏం చేశానో చూశాను. మేనేజర్ గారికి ఫోన్ చేశాను.

"నా పేరు తీసేయండి సార్, నేనింకా తయారుగా లేను."

"అదేంటయ్యా, జవాబులన్నీ వచ్చన్నావుగా మొన్న?"

"వచ్చు సార్. పని రాదు."

"లీడ్ ఇంకొకరికి ఇచ్చేస్తాను మరి, తర్వాత అనుకోవద్దు," అన్నాడు. సరేనన్నాను. అయిదూ నలభైకి స్లాటు రెండు నెలల తర్వాతకి మార్చి, ఆ పీడీఎఫ్ తీసేశాను. ఏడుపొచ్చినంత పనైంది. అట్టల దుకాణం మెట్ల మీద కాసేపు ఊరికే కూర్చున్నాను.

ఆదివారం పదింటికి ఈశ్వరి రమ్మంటే వాట్‌గంజ్ వెళ్లాను. భవానీపూర్ నుంచి టాక్సీకి నూట యాభై, ఖిదిర్‌పూర్ బస్సెక్కి దిగి నడిస్తే పాతిక లోపే. సంఘం ల్యాప్‌టాప్ ఇంటికి తెచ్చి పెట్టింది. మొదటిసారి గంట పట్టింది, తప్పాను. రెండోసారీ తప్పాను. మధ్యలో వాళ్ల నాన్న డ్యూటీ నుంచి వచ్చి, బనియన్ మీద తువ్వాలేసుకుని నా పక్కనే పీట వేసుకున్నాడు.

"ఏటి బాబూ, అంత దూరం నుంచొచ్చి పరీచ్చ రాయకుండా ఎల్లిపోతన్నావంట?"

"ఈసారికి మానేశానండీ."

"మంచిపని సేసినావు. మా రేవులో కొత్తోడికి క్రేను ఇచ్చేముందు ఆర్నెల్లు పాతోడి పక్కన నిలబెడతారు. నిలబడితే సిన్నతనమేటి? కింద మడుసులుంటారు గదా."

మూడోసారి, మధ్యాహ్నం రెండు దాటాక, డేటా చివరి నిమిషం దాకా వెనక్కి వచ్చింది. ఈశ్వరి స్క్రీన్ ఒకసారి చూసి, "ఇప్పుడు అన్నం తినండి," అంది.

ఆ టీమ్‌కి ఇప్పుడు నాకంటే నాలుగేళ్లు చిన్నదైన అమ్మాయి లీడ్. నేను ఆమె దగ్గర పనిచేస్తున్నాను. వారం వారం రిపోర్టు ఆమెకి పంపేటప్పుడు మనసు కాస్త చివుక్కుమంటుంది, అబద్ధమెందుకు. సర్టిఫికెట్ల మీద నాకు కోపమేమీ లేదు, స్లాటు దగ్గరపడుతోంది, చదువుతున్నాను. కాకపోతే పరీక్ష పెట్టేవాళ్లు ఒక సాయంత్రం మాత్రమే మనల్ని చూస్తారు. సంఘంలోని వాళ్లు మనం తప్పు చేస్తుంటే పక్కన కూర్చుని చూస్తారు, మర్నాడు ఇంటికి పిలుస్తారు. ఆసుపత్రి డేటా మీద చెయ్యి వేసే ప్రతిసారీ, నేను చెరిపే ఫైలు అవతలి కొసన ఒక మనిషి ఎండలో పెట్టెలు తెరుస్తూ కనిపిస్తాడు. చెయ్యి ఆగుతుంది. ఆ తర్వాతే పని మొదలుపెడతాను.

మీరూ పరీక్ష కోసం వేరే ఊరు వెళుతుంటే ఒక్క సలహా. అక్కడి సంఘం ఎప్పుడు కలుస్తుందో ముందే కనుక్కుని, పరీక్షని దానికి కనీసం మూడు రోజుల తర్వాత పెట్టుకోండి. స్లాటు మార్చుకునే గడువు ఒక్కో పరీక్షకి ఒక్కోలా ఉంటుంది, అదీ చూసుకోండి. నాకు ఇరవై నిమిషాలే మిగిలాయి.