అక్క ఇల్లు చూపించింది నేనే

నా చిన్నప్పుడు మేం కాజీపేటలో రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, డిసెంబరు మొదట్లో, పక్క క్వార్టరులోకి కొత్తగా పెళ్ళయిన జంట వచ్చింది. ఆయన లోకోషెడ్డులో ఫిట్టరు. ఆమె నర్సంపేట దగ్గర ఒక ఊళ్ళో రైతుల బిడ్డ. ఇంట్లోవాళ్ళను కాదని ఆయన్ని చేసుకుని వచ్చేసిందని మా అమ్మ నాన్నతో గుసగుసగా చెబుతుంటే విన్నాను. అంత గుసగుస ఎందుకో నాకప్పుడు తెలియలేదు. ఆమెను అక్కా అనీ, ఆయన్ని బావా అనీ పిలిచేదాన్ని. బడి వదలగానే నా కాళ్ళు అటే పోయేవి.

అక్కకు అది మొదటి క్రిస్మస్. పుట్టింట్లో ఆ పండుగ లేదు. బావ చెప్పినట్టల్లా చేస్తూనే తనకు తోచింది కూడా కలుపుకుంటూ పోయింది. ఇద్దరూ కలిసి గోడలకు నీలిమందు కలిపిన సున్నం వేశారు. బావ వెదురు బద్దలు చీల్చి దాదాపు నా అంత ఎత్తు నక్షత్రం కట్టాడు. అక్క మైదాపిండి ఉడకబెట్టి జిగురు చేస్తే నేను రంగు కాగితాలు గొలుసులుగా అతికించాను. గుమ్మానికి మామిడాకులు కట్టాల్సిందేనని అక్క పట్టుబట్టింది.

"క్రిస్మస్‌కు మామిడి తోరణం ఏందే?" అని బావ నవ్వాడు.

"తోరణం లేకుంట పండుగెట్లయితది? కట్టు జర, నాకు అందుతలేదు."

ఆయన కట్టాడు. కొంచెం దూరం పోయి నిలబడి, బాగానే ఉందని ఒప్పుకున్నాడు కూడా.

పండుగ ముందు రోజు మధ్యాహ్నం నేను వీధి చివర బోరింగు దగ్గర ఉన్నాను. ఒక జీపు వచ్చి ఆగింది. తెల్లచొక్కా తొడుక్కున్న మనిషి దిగాడు. చేతిలో బట్టల దుకాణం సంచి. ముఖం అచ్చం అక్క ముఖమే.

"బిడ్డా, మా చెల్లె కొత్తగ వచ్చింది గీడికి. పండుగకు చీర తెచ్చిన. ఇల్లేదో జర చూపెడ్తవా?"

పుట్టింటి నుంచి ఒక్క మనిషి కూడా రాలేదని అక్క కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. అందుకే నా సంతోషం ఇంతా అంతా కాదు. ఆయన వేలు పట్టుకుని గుమ్మం దాకా నడిపించాను. వెనక జీపులోంచి కర్రలతో ఇంకో ఇద్దరు దిగడం నేను చూడలేదు. అక్క తలుపు తీసింది. "అన్నా..." అంటూ నవ్వబోయింది.

ఆమెను ఒక్క తోపు తోసి లోపలికి పోయారు. బావ స్టూలెక్కి కాగితపు గొలుసు కడుతున్నాడు. స్టూలును తన్నారు. కింద పడ్డ మనిషిని లేవనివ్వకుండా కొట్టారు. తలకు అడ్డం పెట్టుకున్న కుడిచెయ్యి విరిగిన చప్పుడు నాకు వినబడింది. కొత్త సున్నం మీద రక్తం చిమ్మింది. నక్షత్రాన్ని కాళ్ళతో తొక్కారు. తెల్లచొక్కా మనిషి అక్కను జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చాడు. అక్క రెండు చేతులతో ద్వారబంధాన్ని కరుచుకుంది. వదలమని, పక్కవాడి కర్ర లాక్కుని ఆ వేళ్ళ మీద కొట్టాడు. వదల్లేదు. మళ్ళీ కొట్టాడు.

"నడువే! ఊర్ల తలెత్తుకోని తిరగనిత్తలేవు!"

వరసలో తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. మా అమ్మ అప్పుడే అన్నం వారుస్తోంది. మసిగుడ్డతో గంజి గిన్నె పట్టుకుని అలాగే పరుగెత్తుకొచ్చి, పొగలు కక్కుతున్న గంజిని ఆ మనిషి కాళ్ళ మీద కుమ్మరించింది. అతను అక్క జుట్టు వదిలేసి కేకలు పెడుతూ కూలబడ్డాడు.

"ఇంగో గిన్నె మసులుతాంది. ఈసారి మొకం మీదనే పోస్త. రాండ్రి, ఎవడొస్తడో!" అంది అమ్మ.

పొయ్యి మీద ఏమీ లేదు. కానీ ఆ కేకకు మూసుకున్న తలుపులు తెరుచుకున్నాయి. డ్యూటీ దిగి వస్తున్న నలుగురు షెడ్డువాళ్ళు పరుగందుకున్నారు. వచ్చినవాళ్ళు జీపెక్కి పారిపోయారు.

బావను రిక్షాలో దవాఖానకు తీసుకెళ్ళారు. సాయంత్రం పోలీసాయన వచ్చి, ఇల్లు ఎవరు చూపించారని అందరినీ అడిగాడు. నేను అమ్మ వెనక నక్కాను.

అక్క నా వైపు చూడనైనా చూడకుండా, "ఎవ్వలు చూపెట్టలే సార్. వాళ్లే దేవులాడుకుంట వచ్చిండ్రు" అంది.

మర్నాడు పండుగ. నేను ఇల్లు కదల్లేదు. అక్కే మా గుమ్మంలోకి వచ్చింది. వేళ్ళు వాచి నల్లబడి ఉన్నాయి.

"నా వేళ్ళు వంగుతలేవు. బావ చెయ్యి కట్టుల ఉన్నది. స్టార్‌కు కాగితం ఎవ్వలు అతికిస్తరు? రా."

వెళ్ళాను. గోడ మీది మరకకు తెల్లవారుజామునే ఎవరో సున్నం పూసినట్టున్నారు, కిందినుంచి మళ్ళీ గోధుమరంగు తేలుతోంది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయిన బావ, విరిగిన బద్దల్ని ఎడమచేత్తో ఒకచోటికి చేర్చి పట్టుకున్నాడు. నేను అతికించడం మొదలుపెట్టాను. రెండు కోణాలయ్యేసరికి ఇక ఆగలేకపోయాను.

"అక్కా, నేనే చూపెట్టిన" అని గట్టిగా ఏడ్చేశాను.

"నాకెర్కనే. కిటికిలకెల్లి చూసిన, వాని వేలు పట్టుకోని వస్తాంటివి." ముంజేత్తో రంగు కాగితాలు నా వైపు జరిపింది. "నేను సుత చిన్నప్పుడు వాని వేలు పట్టుకునే జాతరకు పోయేదాన్ని. నువ్వు నమ్మినవ్, నేను సుత నమ్మిన. తలుపు తీసింది నేనే గద! కొట్టింది వాడు. గది వాని పాపం, నీది కాదు."

అప్పటిదాకా బావకు ఆ సంగతి తెలియదు. ఆయన నా ముఖంలోకి చూశాడు. దెబ్బ పడుతుందని కళ్ళు మూసుకున్నాను.

"ఆ మూలకు జర గట్టిగ ఒత్తు బిడ్డా, లేస్తాంది" అన్నాడు.

బావ చెయ్యి మళ్ళీ పూర్తిగా చాపరాలేదు. షెడ్డులో తేలిక పనికి మార్చారు. అక్క రెండు వేళ్ళు వంకరగానే ఉండిపోయాయి. కేసు కొన్నాళ్ళు నడిచి ఆగిపోయింది. వాళ్ళు మాత్రం ఆ ఇల్లు వదిలిపెట్టలేదు. పిల్లలు అక్కడే పుట్టారు, నేను ఎత్తుకుని తిప్పాను.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. తెలియని మనిషి ఎవరైనా ఫలానా వాళ్ళిల్లు ఎక్కడని అడిగితే ఈనాటికీ నా నోరు వెంటనే పెగలదు. అది ఆ మధ్యాహ్నం నుంచి నాతో వచ్చింది. కానీ బడిలో పంతులమ్మగా ఉన్నన్నాళ్ళూ నాకు ఉపయోగపడింది ఆ మర్నాటి ఉదయమే. తప్పు చేసి వణుకుతూ వచ్చిన పిల్లను నేనెప్పుడూ ముందు నిలదీయలేదు. పక్కన కూర్చోబెట్టుకుని చేతికో పని ఇచ్చేదాన్ని. కొంతసేపటికి తనే చెప్పేది. చెప్పాక, ఆ పని పూర్తయ్యేదాకా నేనూ తనతోనే కూర్చునేదాన్ని.